పెన్సిల్వేనియా గవర్నరు గారికి బహిరంగ లేఖ: మూతపడిన చర్చీల పుస్తకాలను కాపాడండి

గౌరవనీయులైన గవర్నరు గారికి,

నేను ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరై, ప్రస్తుతం మీ రాష్ట్రంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మా కోడలి పుట్టింటివారు స్కాట్స్-ఐరిష్ సంతతి. 17వ శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి ఉత్తర ఐర్లండ్‌లోని అల్‌స్టర్‌కు వలసపోయి, కొన్ని తరాల తర్వాత పెరిగిన కౌళ్లకూ, పంటలు పోయిన ఏళ్లకూ, తమ ప్రొటెస్టెంట్ శాఖవారిని, అంటే ప్రెస్బిటేరియన్లను, ప్రభుత్వ పదవులకు దూరం పెట్టిన చట్టానికీ తాళలేక, 1718 మొదలు గుంపులుగా అమెరికా ఓడలెక్కినవారి వారసులు వీరు. మా మనవరాలికి తల్లివైపు వంశవృక్షం రాసిపెట్టే పని నెత్తిన వేసుకుని నాలుగేళ్లయింది. ఇలాంటి వియ్యాలు ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు అరుదు కాదు గనుక ఈ లేఖను తెలుగులోనే ప్రకటిస్తూ, ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి పంపుతున్నాను.

ఈ వెతుకులాటలో మొదటి చిక్కు రేవులోనే ఎదురవుతుంది. 1727 నుంచి ఫిలడెల్ఫియాలో దిగిన జర్మన్ల చేత రాజభక్తి ప్రమాణం చేయించి పేర్లు రాయించుకున్నారు. అల్‌స్టర్ నుంచి వచ్చినవారు అప్పటికే బ్రిటిష్ ప్రజలు కావడంతో వారి పేర్లు రాసుకునే అవసరం ఎవరికీ కలగలేదు. ఫిలడెల్ఫియా నుంచి అవిసె విత్తనాలు మోసుకుపోయిన ఓడలు డెర్రీ, న్యూరీ, బెల్‌ఫాస్ట్ రేవుల్లో వాటిని దింపి, తిరుగు ప్రయాణంలో ఈ మనుషులను ఎక్కించుకునేవి. విత్తనాలకు లెక్క ఉంది, మనుషులకు లేదు. 1790 నాటి మొదటి జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరొక్కటే కనిపిస్తుంది. ఇంట్లో ఉన్న స్వతంత్రులందరి పేర్లూ రాయడం 1850లో గానీ మొదలు కాలేదు. మీ రాష్ట్రంలో జననాల నమోదు 1906లో వచ్చింది. అటు డబ్లిన్‌లో 1922 జూన్ 30న రికార్డుల భవనం తగలబడి 19వ శతాబ్దపు తొలి జనాభా లెక్కలు, వీలునామాలు చాలావరకు బూడిదయ్యాయి.

ఇక మిగిలింది భూమి కాగితం. ఆ విషయంలో మీ రాష్ట్రాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. వారంట్ (భూమి కొలవమనే ఉత్తర్వు), సర్వే, పేటెంట్ (పట్టా) అనే మూడు మెట్లలో జరిగిన భూమి మంజూరుకు సంబంధించిన వారంట్ రిజిస్టర్లను హారిస్‌బర్గ్‌లోని స్టేట్ ఆర్కైవ్స్ స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టింది. మొదటిసారి ఒక పాత సర్వే పటం తెరిచినప్పుడు నాకు సొంత ఆఫీసులో కూర్చున్నట్టే అనిపించింది. అదే అరవై ఆరు అడుగుల గొలుసు లెక్క, అదే చెక్కుబందీ: ఒక మూల తెల్ల ఓక్ చెట్టు, ఇంకో మూల నల్ల వాల్‌నట్, ఉత్తరాన ఫలానా వారి భూమి. మా దగ్గర పట్టాదారు బంధువులెవరో తెలియాలంటే ముందు హద్దుదారుల పేర్లు చూసేవాళ్లం. ఇక్కడా అలాగే చూశాను. ఉత్తరపు హద్దుదారు వీలునామా తీయిస్తే, అందులో అల్లుడిగా మా కోడలి పూర్వీకుడి పేరు ఉంది. ఏడు తరాల వెనకటి అవ్వ పుట్టిల్లు అలా దొరికింది.

అయితే ఆ కుటుంబం అల్‌స్టర్‌లో ఏ ఊరి నుంచి వచ్చిందో భూమి కాగితం చెప్పదు. మీ రాష్ట్రంలో డోనెగాల్, డెర్రీ, టైరోన్, ఆంట్రిమ్ పేర్లతో టౌన్‌షిప్‌లు ఉన్నా, డోనెగాల్‌లో స్థిరపడ్డవాడు డోనెగాల్ నుంచే వచ్చాడనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఐర్లండ్‌లో టౌన్‌లాండ్‌లు అనే చిన్న చిన్న పల్లె విభాగాలు అరవై వేలకు పైగా ఉన్నాయి. పెద్ద కొడుక్కి తాత పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టే ఆచారం వారికీ ఉండేది గనుక, జాన్‌లూ విలియమ్‌లూ జేమ్స్‌లూ ప్రతి తరంలోనూ కనిపిస్తారు. ఊరి పేరు తెలియకుండా సముద్రం అవతల ఏ జాన్ మనవాడో తేల్చలేం.

ఆ ఊరి పేరు దొరికే అవకాశం ఉన్న చోటు చర్చి సెషన్ పుస్తకం, అంటే సంఘపెద్దల సభ రాసుకునే పుస్తకం. వలస వచ్చినవారు పాత సంఘం నుంచి సత్ప్రవర్తన పత్రం తెచ్చి కొత్త సంఘపెద్దలకు చూపించేవారు. రాసే పెద్ద ఓపికగలవాడైతే అది ఏ సంఘానిదో కూడా రాసేవాడు. అలాంటి పుస్తకం ఒకటి నిరుడు చూశాను. మూతపడిన ఒక పల్లె చర్చిది. చివరి సంఘపెద్ద ఇంటి బేస్‌మెంట్‌లో, క్రిస్మస్ దీపాల తీగల కింద, ప్లాస్టిక్ తొట్టిలో ఉంది. తోలు అట్ట బూజు పట్టింది. చెమ్మకు దాదాపు ఇరవై పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అడుగున పాత గుడ్డమూటలో, ప్రభు భోజనానికి అర్హులని ఇచ్చే సీసపు బిళ్లలు నాలుగు ఉన్నాయి. మా వియ్యంకుడు ఒక బిళ్లను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. మాకు కావలసిన సంవత్సరాలు ఆ అతుక్కున్న పేజీల్లోనే ఉన్నాయి. వాటిని విడదీసే సాహసం నేను చేయలేదు.

ఫిలడెల్ఫియాలో 1852 నుంచి ఉన్న ప్రెస్బిటేరియన్ హిస్టారికల్ సొసైటీకి చేరిన పుస్తకాలు క్షేమం. నా బెంగ చేరనివాటి గురించే. చర్చి పుస్తకం చర్చి ఆస్తి, దాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాలని నేను కోరడం లేదు. ఇవ్వడానికి ఇష్టపడిన సంఘం గడప దగ్గరికే స్టేట్ ఆర్కైవ్స్ మనిషి, స్కానరు వెళ్లి, తడిసిన పేజీలను నిపుణుల చేత విడదీయించి, పుస్తకాన్ని యజమానులకు తిరిగి ఇచ్చి, స్కాన్ ప్రతులను వారంట్ రిజిస్టర్ల పక్కనే ఉచితంగా పెట్టే ఏర్పాటు చేయమని కోరుతున్నాను. పేర్ల సూచికలో అక్షరభేదాలను కలిపి చూపించాలి. ఒకే మనిషి ఇంటిపేరును ఒకే గుమాస్తా మూడు రకాలుగా రాసిన కాగితం నా దగ్గరే ఉంది.

ఇందులో పూర్వీకుల గొప్పలే బయటపడతాయని నేను అనుకోవడం లేదు. 1763 డిసెంబరులో 20 మంది కొనెస్టోగా ఆదివాసులను, పిల్లలతో సహా, చంపిన పాక్స్టన్ మూక ఈ సంఘాల్లోని మనుషులే. మా మనవరాలు ఆ పేజీ కూడా చదవాలి.

నేను చూసిన పుస్తకం ఉన్న ఇల్లు వచ్చే వేసవిలో అమ్మకానికి వస్తోంది. ఆలోగా ఎవరినైనా పంపగలిగితే చిరునామా నేను అందజేస్తాను.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ డిప్యూటీ తహసీల్దారు