మా నాన్నగారి చికిత్సలో తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

నాలుక అంచున వచ్చిన క్యాన్సర్‌కు మా నాన్నగారికి విశాఖపట్నంలో శస్త్రచికిత్స, ఆ తరువాత రేడియేషన్ పూర్తయ్యాయి. ఇప్పుడు ఆయన మెత్తగా కలిపిన అన్నం తింటున్నారు. ఫోనులో ఆయన చెప్పే మాట అవతలివారికి అర్థమవుతోంది. ఇందుకు కారకులైన వారందరికీ మా కుటుంబం తరఫున ధన్యవాదాలు తెలుపుతున్నాను.

ముందుగా మా ఊరి ఏఎన్ఎమ్ గారికి, ఆశా కార్యకర్తకు. 30 ఏళ్లు దాటినవారికి చేసే పరీక్షల కోసం ఇంటికి వచ్చినప్పుడు నోట్లో టార్చి వేసి చూసి, నొప్పి లేదని నాన్నగారు పట్టించుకోని ఆ పుండును గుర్తించింది వారే. రెండు మూడు వారాలైనా మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, తగ్గని గొంతు బొంగురు కనిపిస్తే నొప్పి లేకపోయినా డాక్టరుకు చూపించాలని వారు పట్టుబట్టి చెప్పారు.

మా సర్జన్ గారికి ఎంతో రుణపడి ఉన్నాము. సిగరెట్టు, మద్యం రెండు అలవాట్లూ ఉన్న నాన్నగారిని ఒక్క మాట కూడా నిందించకుండా, జబ్బు ఎలా వచ్చి ఉంటుందో కాగితం మీద బొమ్మ గీసి వివరించారు. పొగాకు పొగలో క్యాన్సర్ కలిగించే పదార్థాలు 70కి పైగా ఉన్నాయని, మద్యం శరీరంలో ఎసిటాల్డిహైడ్ అనే విష పదార్థంగా మారి కణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తుందని, పైగా నోటి లోపలి పొరను అది పలచబరచడంతో పొగాకులోని విషాలు మరింత సులువుగా లోపలికి దిగుతాయని చెప్పారు. అందుకే రెండు అలవాట్లూ కలిసిన చోట ముప్పు కూడిక కాదు, గుణకారమవుతుందట. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన వాటిలో, చేర్చింది 1988లోనే అని తెలిసి ఆశ్చర్యపోయాను. సిగరెట్టు గురించి అందరూ హెచ్చరిస్తారు కానీ, సాయంత్రం పుచ్చుకునే మందుకు గొంతు క్యాన్సర్‌తో సంబంధం ఉందని మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనుకోలేదు. మా శ్రీకాకుళం పల్లెల్లో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలకు అంగిలి మీద వచ్చే పుండ్ల సంగతి కూడా ఆయనే ప్రస్తావించారు.

అయితే ఆపరేషన్ కంటే కష్టమైనది సిగరెట్టు, మద్యం రెండూ మానడం. చికిత్స జరిగేటప్పుడు పొగ తాగితే రేడియేషన్ సరిగా పనిచేయదు, తరువాతా కొనసాగిస్తే నోట్లోనో గొంతులోనో మరో క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంటుంది. ఏళ్ల తరబడి తాగినవారు మద్యాన్ని ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, ఫిట్స్ రావడం జరగవచ్చు కాబట్టి, దగ్గరుండి మందులిస్తూ మాన్పించిన మానసిక వైద్యురాలికి నమస్కారాలు. సిగరెట్ ప్యాకెట్ల మీద ముద్రించే 1800-11-2356 నంబరులో ఓపికగా మాట్లాడిన సలహాదారులకూ ధన్యవాదాలు. మా వీధి చివరి కిళ్లీ కొట్టు బాబాయి గారి సంగతి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి: బేరం పోతుందని తెలిసీ నాన్నగారికి సిగరెట్టు అమ్మనన్నారు, పక్క కొట్లవారికీ చెప్పి ఉంచారు. సాయంత్రాలు సీసా పక్కన పెట్టి నాన్నగారితో కలిసి నడకకు వచ్చిన ఆయన స్నేహితుల మేలు మరువలేము.

రేడియేషన్‌కు ముందే పాడైన పళ్లు తీసిన దంత వైద్యులకు, ముక్కు గొట్టం ద్వారా ఆహారం పట్టడం నేర్పిన నర్సులకు, రక్తదాతలకు, ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కాగితాలు దగ్గరుండి పూర్తి చేయించిన ఆ పథకం సహాయకులు వైద్య మిత్రకు కృతజ్ఞతలు. మింగడం, పలకడం మళ్లీ మొదటి నుంచి నేర్పుతున్న స్పీచ్ థెరపిస్టు గారి దగ్గరికి నాన్నగారు ఇంకా వెళుతున్నారు.

చుట్టుపక్కల ఊళ్లలో ఇదే జబ్బుతో ఆసుపత్రికి వెళ్లవలసినవారు ఎవరైనా ఉంటే, ఏయే కాగితాలు కావాలో చెప్పడానికి, మొదటి రోజు తోడు రావడానికి నేనూ నాన్నగారూ సిద్ధంగా ఉన్నాము.