గంజాం తీరంలో అణు విద్యుత్ కేంద్రం గురించి ఇప్పుడే ఆలోచించాలి

సంపాదకులకు,

అయ్యా,

దక్షిణ ఒడిశాకు పరిశ్రమలు వస్తున్నాయని సంతోషించేవాళ్లం, వాటికి కావలసిన కరెంటు ఎక్కడినుంచి రావాలన్న సంగతి మాత్రం అంతగా పట్టించుకోవడం లేదు. గోపాలపూర్ ఓడరేవు, దానికి ఆనుకుని పెరుగుతున్న పారిశ్రామిక ప్రాంతం, రాయగడ జిల్లాలోని అల్యూమినా కర్మాగారం, కాగితపు మిల్లు, దామన్‌జోడిలోని నాల్కో శుద్ధి కర్మాగారం, ఏటికేడు విస్తరిస్తున్న మా బరంపురం, ఇవన్నీ రాత్రింబవళ్లు విద్యుత్తు కావలసినవే. ఈ ప్రాంతానికి రాబోయే పెద్ద విద్యుత్ కేంద్రం బొగ్గుతో నడిచేది కాకూడదనీ, అది అణు విద్యుత్ కేంద్రం కావాలనీ విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైనవాడిగా గట్టిగా నమ్ముతున్నాను.

బొగ్గు ఎందుకు వద్దో మా సరిహద్దు జనానికి వేరే చెప్పనక్కర్లేదు. ఇచ్ఛాపురం దాటితే సోంపేట వస్తుంది. 2010 జూలైలో అక్కడి బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ కేంద్రం వద్దన్న రైతుల మీద, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో అదే మాటన్న పల్లెల మీద పోలీసు కాల్పులు జరిగాయి, రెండుచోట్లా ప్రాణాలు పోయాయి. ఆ రైతుల భయంలో న్యాయముంది. వెయ్యి మెగావాట్ల థర్మల్ కేంద్రం ఏడాదికి సుమారు 40 నుంచి 50 లక్షల టన్నుల బొగ్గును మండిస్తుంది, మన దేశపు బొగ్గులో దాదాపు మూడో వంతు బూడిదే కనుక ఏటా పది లక్షల టన్నులకు పైగా బూడిదను ఎక్కడో ఒకచోట పొయ్యక తప్పదు. అంతే సామర్థ్యమున్న అణు రియాక్టరుకు ఏడాదికి కావలసిన ఇంధనం 25 నుంచి 30 టన్నులు మాత్రమే. అంగూల్, ఝార్సుగూడ జిల్లాల్లో బూడిద చెరువుల పక్కన బతుకుతున్నవారిని చూసినవారెవరూ ఈ తేడాను తేలిగ్గా తీసుకోరు.

సౌర విద్యుత్తు రావాలి, వస్తోంది కూడా. అయితే ఊళ్లో వాడకం పెరిగేది పొద్దు వాలాకే. ఆ వేళ ఇన్నాళ్లూ మనల్ని ఆదుకున్నవి మాచ్‌ఖండ్, బలిమెల, ఎగువ ఇంద్రావతి జల విద్యుత్ కేంద్రాలు. వర్షం తక్కువైన ఏడాది వాటి మీద ఆశ పెట్టుకోలేం, కొత్త జలాశయం కట్టి మరిన్ని గిరిజన గ్రామాలను ముంచమని అడిగే నోరు నాకు లేదు. రాత్రీ పగలూ ఒకే తీరున నడిచే కేంద్రం మన గ్రిడ్‌కు కావాలి. కర్ణాటకలో మన ఇంజినీర్లు కట్టిన కైగా అణు కేంద్రం మొదటి యూనిట్ 2018 చివరిదాకా 962 రోజులు ఒక్కసారి కూడా ఆగకుండా నడిచి అప్పటికి ప్రపంచ రికార్డు సాధించింది.

గంజాంకు అణుశక్తి రంగం కొత్తదేమీ కాదు. ఛత్రపురం ఇసుకనుంచి ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ దశాబ్దాలుగా ఇల్మనైట్, జిర్కాన్, మోనజైట్ ఖనిజాలను వేరుచేస్తోంది. హోమీ భాభా రూపొందించిన మూడు దశల అణు కార్యక్రమంలో చివరి దశకు ఇంధనంగా ఆధారమైన థోరియం అనే లోహం ఆ మోనజైట్‌లోనే ఉంది. ఖనిజం మన ఒడ్డుది, విద్యుత్తు మాత్రం ఇంకో రాష్ట్రంలో పుట్టాలనడం నాకు సమంజసంగా తోచదు. సరిహద్దుకు దగ్గరలోని పాటీ సోనాపూర్ పేరు ఇలాంటి కేంద్రాల ప్రతిపాదనల్లో గతంలో వినిపించింది కూడా.

జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రంలో జరిగిన ప్రమాదం సంగతేమిటని అడుగుతారు, అడగాలి. 2011 మార్చిలో అక్కడ భూకంపానికి బయటి కరెంటు పోయింది, పల్లంలో పెట్టిన డీజిల్ జనరేటర్లు సునామీకి మునిగాయి, రియాక్టర్లను చల్లబరిచే దారి లేకపోయింది. 2004 డిసెంబరు సునామీలో తమిళనాడులోని కల్పాక్కం అణు కేంద్రపు సిబ్బంది కాలనీలో ప్రాణనష్టం జరిగినా, పంపుహౌసులోకి నీరు చొరబడినా, నడుస్తున్న రియాక్టరును సురక్షితంగా ఆపగలిగారు. మనకు తుపాను కొత్త కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. కాబట్టి కేంద్రం నేల ఎత్తు, జనరేటర్ల ఎత్తు, చల్లబరిచే నీటి నిల్వ ఇక్కడి ఉప్పెనల లెక్క ప్రకారమే నిర్ణయించాలి, ఆ లెక్కను జనం ముందు పెట్టాలి.

నా మనసులో అన్నిటికంటే బరువైన ప్రశ్న మన మత్స్యకారులది. గోపాలపూర్, ఆర్యపల్లి ఒడ్డున వలలు వేసేవారిలో ఎక్కువమంది తెలుగు మాట్లాడే కుటుంబాలవారే. పడవ ఒడ్డుకు చేరిన పూట కరెంటు లేక ఐస్ గడ్డకట్టకపోతే, వంజరం, చందువ లాంటి ఖరీదైన చేపలనైనా దళారి అన్న ధరకే ఇచ్చేయాల్సి వస్తుంది. నమ్మకమైన విద్యుత్తు వారికీ అవసరమే. కానీ అదే కేంద్రం వేట సాగే నీటిని అడ్డుకుంటే వారికి ఒరిగేదేమీ ఉండదు. తీసుకున్న నీటికంటే 7 డిగ్రీలకు మించి వేడెక్కిన నీటిని సముద్రంలోకి వదలకూడదన్న నిబంధన కాగితం మీద ఉంటే చాలదు, ఆ కొలతలను రోజూ ఒడియాలోనూ తెలుగులోనూ ఊరి బోర్డు మీద రాయాలి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే రుషికుల్య నది ముఖద్వారం దరిదాపుల్లో స్థలం చూడనే కూడదు.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు కడతామని చెప్పి, అక్కడి కుటుంబాలను ఏళ్లతరబడి ఉండాలో కదలాలో తేల్చుకోలేని స్థితిలో ఉంచారు. అది ఇక్కడ జరగకూడదు. పునరావాస కాలనీ, పడవలకు జెట్టీ, పిల్లలకు శిక్షణ, ఉద్యోగం, ఇవన్నీ భూమి తీసుకోకముందే చేతికందాలి.

ఇంకా టైముంది కదా అనుకోవడానికి లేదు. గుజరాత్‌లోని కాక్రపార్ అణు కేంద్రం మూడో యూనిట్ నిర్మాణం 2010లో మొదలైతే, వాణిజ్య ఉత్పత్తి 2023లో గానీ ప్రారంభం కాలేదు. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు సాధిస్తామని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఒడిశా ప్రభుత్వం గంజాం తీరంలో స్థల అధ్యయనం చేయమని అణుశక్తి శాఖను ఈ ఏడాదే కోరాలి, అధ్యయన నివేదికను గ్రామసభల్లో రెండు భాషల్లోనూ చదివి వినిపించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత విద్యుత్ ఉద్యోగి,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.