విశ్వవిద్యాలయాల్లో మూలుగుతున్న సమాచార హక్కు దరఖాస్తులు: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చదువుకునే పిల్లలకు సమాచార హక్కు దరఖాస్తులు రాసిపెట్టే పని చాలాకాలంగా చేస్తున్నాను. వాళ్లు అడిగేవి పెద్ద రహస్యాలేమీ కావు. నా జవాబు పత్రం చూపించండి, నా స్కాలర్‌షిప్ డబ్బు వచ్చిందో లేదో చెప్పండి, పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఎవరికెన్ని మార్కులు వేశారో ఇవ్వండి, హాస్టల్ మరమ్మతులకు వచ్చిన నిధులు దేనికి ఖర్చుపెట్టారు? ఇంతే. వీటికి జవాబు రావడానికి సెమిస్టర్లకు సెమిస్టర్లు గడిచిపోతున్నాయి కాబట్టే మీకు రాయాల్సి వచ్చింది.

2005 అక్టోబరు 12న పూర్తిగా అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టం ఏడో సెక్షన్‌లో గడువు సంగతి స్పష్టంగా ఉంది. వీలైనంత త్వరగా ఇవ్వాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ 30 రోజులు దాటకూడదు. ఇందులో మొదటి సగాన్ని యూనివర్సిటీ ఆఫీసుల్లో ఎవరూ పట్టించుకోరు. బీరువా తీస్తే చేతికందే కాగితానికి కూడా 30 రోజులూ ఆగుతారు, ఫైలు ఆ తర్వాతే కదులుతుంది. గడువులోగా నిర్ణయం చెప్పకపోతే నిరాకరించినట్టే లెక్క అని అదే సెక్షన్ చెబుతోంది. గడువు దాటాక ఇచ్చే సమాచారం ఉచితంగా ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. అయినా నెలలు గడిచాక జిరాక్స్ ఖర్చులు కట్టమని ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి.

ఆ ఉత్తరాలు ఎలా ఉంటాయో మీరు ఒకసారి తెప్పించుకుని చూడాలి. ఈమధ్య ఒకమ్మాయి తెచ్చి చూపించింది. ఉత్తరం మీద తారీఖు గడువు ముగిసే ముందు రోజుది. కవరు మీద తపాలా ముద్ర మాత్రం ఆ తర్వాత చాలా రోజులకు పడింది. లోపల ఒకే వాక్యం: "మీరు కోరిన సమాచారం సంబంధిత విభాగం నుండి అందవలసి యున్నది, అందిన వెంటనే పంపబడును." కింద సంతకం ఉంది, ఎవరు పెట్టారో పేరు లేదు. సమాచారం నిరాకరిస్తే కారణం, అప్పీలు ఎవరికి చేసుకోవాలి, ఎన్ని రోజుల్లో చేసుకోవాలి అన్నవి విధిగా రాయాలి. ఇవ్వం అని అనలేదు కదా, అవన్నీ మాకెందుకు అన్న ధీమా ఆ వాక్యంలో కనిపిస్తుంది. ఆ అమ్మాయికి ఇవ్వం అన్నా, పంపబడును అన్నా ఒకటే.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది జవాబు పత్రాల సంగతి. దిద్దిన జవాబు పత్రం కూడా సమాచారమేనని, రాసిన విద్యార్థి దాన్ని చూసుకోవచ్చని, నకలు తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2011 ఆగస్టు 9న సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో తేల్చింది. ఆ తీర్పులోనే ఇంకో మాట ఉంది. నిబంధనల ప్రకారం పేపర్లను ఎంతకాలం భద్రపరచాలో అంతకాలమే ఈ హక్కు పనిచేస్తుంది. ఇప్పుడు దీన్ని ఆలస్యంతో కలిపి ఆలోచించండి. దరఖాస్తు పెట్టిన రోజున పేపరు స్టోర్ రూంలో భద్రంగా ఉంటుంది. అప్పీలు విచారణకు వచ్చేసరికి ఆ బ్యాచ్ పేపర్లన్నీ చిత్తుకాగితాల కింద పోయి ఉంటాయి. అప్పుడొచ్చే జవాబు, "సదరు రికార్డు అందుబాటులో లేదు." ఆ మాటలో అబద్ధమేమీ లేదు, అదే అసలు బాధ. ఒకట్రెండు మార్కుల్లో సబ్జెక్టు పోయిన పిల్లవాడికి తన పేపరు ఎలా దిద్దారో ఇక ఎప్పటికీ తెలియదు. ఈలోగా రీవాల్యుయేషన్ గడువు దాటిపోతుంది, పైచదువుల సీటూ చేజారుతుంది.

తప్పంతా ఈ దరఖాస్తులకు జవాబివ్వాల్సిన సమాచార అధికారిదేనని నేను అనను. చాలాచోట్ల ఆయన వేరే పనుల్లో తలమునకలైన ఒక అసిస్టెంట్ రిజిస్ట్రార్. ఈ బాధ్యత అదనంగా నెత్తిన పెట్టారు. కాగితాలేమో పరీక్షల విభాగంలో, అకౌంట్స్‌లో, ఇంజినీరింగ్ సెల్‌లో ఉంటాయి. ఆయన మెమో పంపుతాడు, వాళ్లు పక్కన పడేస్తారు. చట్టం దీన్నీ ముందే ఊహించింది. సమాచార అధికారి ఎవరి సాయం కోరితే వాళ్లు ఇచ్చి తీరాలని, ఇవ్వకపోతే ఉల్లంఘన విషయంలో వాళ్లనే సమాచార అధికారిగా భావించాలని అయిదో సెక్షన్‌లో ఉంది. అంటే రోజుకు 250 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 25,000 దాకా పడే జరిమానా ఆ విభాగాధిపతి మీదికీ రావచ్చు. ఈ సంగతి విభాగాలకు రాతపూర్వకంగా తెలియజేసిన యూనివర్సిటీ ఒక్కటీ నాకు ఎదురుపడలేదు.

మొదటి అప్పీలు అయినా దిక్కవుతుందా అంటే, దాన్ని వినేది అదే ప్రాంగణంలోని పై అధికారి. 30 రోజుల్లో, కారణాలు రాసిపెట్టి గరిష్ఠంగా 45 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఆయనకు జరిమానా వేసే సెక్షన్ చట్టంలో లేదు. అందుకే ఎక్కువ ఫైళ్లు అక్కడే పడి ఉంటాయి. ఆపైన సమాచార కమిషన్ దాకా వెళ్లి తెచ్చుకునేలోపు పిల్లల చదువే అయిపోతుంది.

నిజానికి ఈ దరఖాస్తుల్లో చాలావాటి అవసరమే ఉండకూడదు. బడ్జెట్, ఖర్చులు, అధికారుల విధులు, నిర్ణయాలు తీసుకునే పద్ధతి, ఇవన్నీ ఎవరూ అడగకుండానే ప్రకటించాలని నాలుగో సెక్షన్ 2005లోనే చెప్పింది. ఇప్పుడు యూనివర్సిటీ వెబ్‌సైట్లలో ఆ పేజీ తెరిస్తే బదిలీ అయిపోయిన అధికారుల పేర్లు, పనిచేయని ఫోన్ నంబర్లు కనిపిస్తాయి. వాటిని సరిచేయించినా సగం టెన్షన్ తగ్గుతుంది, పిల్లలకీ, ఆ అసిస్టెంట్ రిజిస్ట్రార్‌కీ.

విశ్వవిద్యాలయాలకు స్వయంప్రతిపత్తి ఉంది, మేం జోక్యం చేసుకోలేం అని మీ కార్యాలయం అనవచ్చు. సిలబస్ విషయంలో, బోధన విషయంలో ఆ మాట నేనూ సమర్థిస్తాను. పార్లమెంటు చేసిన చట్టాన్ని పక్కనపెట్టడానికి స్వయంప్రతిపత్తి సాకు కాకూడదు. పైగా 25వ సెక్షన్ ప్రకారం మీ శాఖకే ఒక బాధ్యత ఉంది. మీ పరిధిలోని సంస్థలకు ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని నిరాకరించారు, ఎవరి మీద చర్య తీసుకున్నారు అన్న లెక్కలు సేకరించి కమిషన్‌కు ఇవ్వాల్సింది మీ శాఖే. ఆ లెక్కలను యూనివర్సిటీల వారీగా, గడువు దాటినవి ఎన్నో కూడా కలిపి, అందరికీ కనిపించేలా పెట్టించండి. దరఖాస్తు గానీ అప్పీలు గానీ పెండింగ్‌లో ఉన్న రికార్డును, జవాబు పత్రాలతో సహా, తేలేదాకా ధ్వంసం చేయరాదని రిజిస్ట్రార్లందరికీ సర్క్యులర్ పంపించండి. రాబోయే సెమిస్టర్ ఫలితాలకు ముందే అది వెళ్లాలి. పిల్లలు మళ్లీ దరఖాస్తులు పెట్టేది ఆ వారంలోనే.

ఇట్లు,
విద్యార్థులకు దరఖాస్తులు రాసిపెట్టే ఒక పౌరుడు