ఎర్ర పెన్ను కాసేపు పక్కన పెట్టు

పాపా,

రాత్రి నువ్వు పంపిన మీ క్లాసు పిల్లోడి నోట్‌బుక్కు ఫొటో పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశాను. ఒక్క పేజీలో పదిహేడు ఎర్ర సున్నాలు, కింద 'ఇంకా బాగా రాయాలి' అని ఒక ముక్క, నీ సంతకం. ఏం బాగా రాయాలో వాడికెట్లా తెలుస్తుంది?

అమ్మానాయనా మిరపకాయలు కోయడానికి గుంటూరు పోతే ఆ పిల్లోడు ఇక్కడ ఆదోనిలో అవ్వ దగ్గరుంటున్నాడు, ఆ అవ్వ రాత్రిళ్లు ఫోను చేతిలో పట్టుకునే 'నిద్రపోతాది' అని రాశాడు. ఆ వాక్యం మొత్తంలో నువ్వు చూసింది ఆ 'పోతాది' ఒక్కటే.

నిన్ను తిట్టడం లేదులే, నేనూ అదే పని చేసినవాణ్ణే. అనంతపురంలో టీచరుగా కొత్తగా చేరినప్పుడు ఒకడు చేనులో చెనిక్కాయలు పీకిన సంగతి మూడు పేజీలు రాస్తే, చెనిక్కాయలు అన్నచోటల్లా కొట్టేసి 'వేరుశనగ' అని రాసిచ్చాను. మరుసటి వ్యాసం వాడు గైడులోంచి నాలుగు వాక్యాలు దించుకొచ్చాడు. ఒక్క తప్పు లేదు. మార్కులు కూడా వేశాను చూడు, సిగ్గు లేకుండా!

ముందు పెన్ను మూసి చదువు. తర్వాత వాడు చెప్పినదాని గురించి ఒక ప్రశ్న రాయి. తప్పుల్లో ఈ వారానికి ఒక్క రకమే పట్టుకో, ఒత్తులైతే ఒత్తులే, తప్పున్న లైను పక్కన మార్జిన్‌లో చుక్క పెట్టి వదిలెయ్, ఎక్కడుందో వాడే వెతుక్కుంటాడు. నువ్వే దిద్ది ఇస్తే ఆ పని నీదవుతుంది, వాడిది కాదు. మరుసటి రోజు పీరియడ్‌లో పది నిమిషాలు దిద్దుకోవడానికే ఇవ్వాలి, లేకపోతే నువ్వు రాత్రంతా రాసింది ఎవరూ చదవరు.

రోజువారీ రాతకు మార్కు వద్దు. ఎఫ్‌ఏలకు, అంటే బడిలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షలకు, ఎట్లాగూ తప్పదు. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్‌లో 5, 6 తరగతుల పిల్లల్లో కొందరికి మార్కే, కొందరికి నాలుగు మాటలే, కొందరికి రెండూ ఇచ్చి చూసింది. మాటలు మాత్రమే అందుకున్నవాళ్లే మెరుగయ్యారు. రెండూ ఇస్తే ఆ మాటల లాభం పోయింది. మనకు తెలియందేముంది, నోట్‌బుక్కు చేతికిస్తే 'నీకెన్నిరా' అనే కదా అడుగుతారు.

యాభై పుస్తకాలూ ఒక్క రాత్రే దిద్దొద్దు, రోజుకు పది చాలు.

వాడి పుస్తకం రేపు మళ్లీ తెప్పించుకుని, 'మీ అమ్మ ఫోనులో ఏం మాట్లాడింది?' అని కింద రాయి. వాడేం రాశాడో నాకు ఫొటో పెట్టు.

మీ నాయన