పాపకు, సానరాయితో పాటు

తిరుపతి
ఆదివారం పొద్దున

పాపా,

టమాటా కోస్తుంటే కత్తి జారి వేలు తెగిందని నిన్న ఫోన్లో చెప్పావు. "కత్తి మరీ పదునుగా ఉంది నాయనా, అందుకే" అన్నావే, అది మాత్రం నేను ఒప్పుకోను. పోయినసారి బెంగళూరు వచ్చినప్పుడు నీ వంటింట్లో ఆ కత్తిని చూశాను. దాంతో అరటిపండు తప్ప ఏదీ తెగదు. మొద్దుబారిన కత్తి టమాటా తోలు మీద నిలవదు, పక్కకు జారుతుంది. జారుతోందని నువ్వు ఇంకాస్త నొక్కుతావు. ఆ నొక్కుడంతా వచ్చి వేలి మీద పడింది. పదునున్న కత్తయితే దాని బరువుకే దిగిపోతుంది.

అందుకే ఈ పార్సిల్. లోపల పలకలాగా ఉన్నది వజ్రపు సానరాయి. పేరుకే రాయి, నిజానికి ఉక్కు పలక మీద నికెల్ పూతతో వజ్రపు పొడిని పట్టించారు. వజ్రమంటే తొలకరి వానకు జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో జనం వెతుక్కుంటారే, అది కాదులే. ఫ్యాక్టరీలో చేసిన పొడి. ఎంత గట్టి స్టీలునైనా కొరికేస్తుంది.

రైల్వే క్యారేజ్ షాపులో అన్నేళ్లు ఫిట్టర్‌గా చేసినవాణ్ణి, కత్తి నూరడం నాకొక లెక్కా అనుకునేవాణ్ణి. నువ్వు పుట్టకముందు మీ అవ్వకు కమ్మరి దగ్గర కొట్టించుకున్న కత్తి ఒకటి ఉండేది. దాన్ని తీసుకుపోయి గ్రైండింగ్ వీల్ మీద పెట్టాను. నిప్పురవ్వలు లేస్తుంటే భలే పదునొస్తోందని మురిసిపోయాను. తీసి చూస్తే అంచు పొడవునా నీలం రంగు తిరిగింది. ఇనుప కత్తి అలా నీలం తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీల వేడి తగిలినట్టే. కమ్మరి కాల్చి, నీళ్లలో ముంచి ఇచ్చిన గట్టిదనం అక్కడికి పోయినట్టే. ఆ పూట బాగానే తెగింది. రెండు రోజులకు వంకాయ కూడా తెగలేదు. మీ అవ్వ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ కత్తిని చిప్పలోంచి కొబ్బరి తవ్వడానికి పెట్టుకుంది, అది కూడా రోజూ నా కళ్లెదురుగానే.

ఈ పలకతో ఆ భయం లేదు, చేత్తో నూరితే అంత వేడి పుట్టదు. నానబెట్టే పని కూడా లేదు, పైన నాలుగు చుక్కలు నీళ్లు చల్లితే చాలు. కింద తడిగుడ్డ పరిచి పెట్టు, లేకపోతే గట్టు మీద జారుతుంది. ఒక వైపు 400 అని, ఇంకో వైపు 1000 అని ఉంది చూడు. నంబరు పెరిగేకొద్దీ పొడి సన్నం. నీ కత్తి పూర్తిగా మొద్దుబారింది కాబట్టి 400తో మొదలుపెట్టు.

అందరూ తడబడేది వాలు దగ్గరే. కత్తిని పలక మీద పూర్తిగా పడుకోబెట్టి, వెన్ను కింద చిటికెన వేలు దూరేంత ఎత్తు లేపు. నీ కత్తి వెడల్పుకు అది సరిపోతుంది. నమ్మకం కుదరకపోతే నల్ల మార్కర్‌తో అంచు వెంబడి గీత గీసి, ఒక్కసారి పలక మీద తోసి చూడు. అంచు చివరిదాకా నలుపు చెరిగితే వాలు సరిగ్గా ఉన్నట్టు. పైన మాత్రమే చెరిగి అంచున నలుపు మిగిలితే వెన్ను ఇంకొంచెం లేపాలి. అంచున చెరిగి పైన మిగిలితే దించాలి. ఇన్నేళ్ల అనుభవం ఉన్నా నేను ఇప్పటికీ గీత గీసుకునే మొదలుపెడతాను. మీ అమ్మ చూసి నవ్వుతుంది.

తోసేటప్పుడు నొక్కొద్దు. మళ్లీ నొక్కుడు సంగతే ఎత్తానని విసుక్కోకు. నా మొదటి పలకను కసితీరా నొక్కి నూరాను. పూతలోంచి వజ్రం రాలిపోయి, నెల తిరిగేసరికి నడుమంతా నున్నగా అయిపోయింది. డబ్బులు దండగ. కొత్త పలక మొదట్లో గరగరమని గట్టిగా గీరుతుంది, నాలుగైదు సార్లు వాడాక నెమ్మదిస్తుంది. అది చూసి టెన్షన్ పడకు.

ఒకే వైపు కాసేపు నూరాక, రెండో వైపున బొటనవేలిని వెన్ను నుంచి అంచు బయటికి మెల్లగా జార్చి చూడు. అంచు వెంబడి మాత్రం వేలు నడపొద్దు. సన్నగా గరుకు తగులుతుంది, ఉక్కు అటువైపు మడత పడిందన్నమాట. మొదలు నుంచి మొనదాకా ఆ గరుకు తగిలితేనే కత్తి తిప్పు. ఎక్కడైనా తగలకపోతే అక్కడ ఇంకా నూరలేదని. రెండో వైపు కూడా అంతే. తర్వాత 1000 వైపున అటొకసారి ఇటొకసారి ఈకతో రాసినట్టు తోస్తూ ఆ మడతను పోగొట్టాలి. చివర్లో పాత తోలు బెల్టు మీద, వెన్ను ముందుండేలా పది సార్లు లాగు. న్యూస్‌పేపర్ అంచును చిరక్కుండా కోసిందంటే అయిపోయినట్టే.

రంపం పళ్లున్న బ్రెడ్డు కత్తిని దీని మీద పెట్టకు. మామిడికాయలు కొట్టే కత్తిని కూడా ఇంత పలచగా నూరకూడదు, టెంక తగిలితే అంచు విరుగుతుంది. వేసవికి వచ్చినప్పుడు దాని సంగతి చూద్దాం.

పని అయ్యాక పాత బ్రష్‌తో, సబ్బుతో నల్లటి బురదంతా కడిగి పొడిగా తుడిచిపెట్టు. తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. పార్సిల్‌లో మీ అమ్మ చింతకాయ తొక్కు కూడా పెట్టింది. డబ్బా మూత సరిగ్గా బిగించిందో లేదో, ఊట కారి పలకకు అంటి ఉంటే ముందు అది కడుగు.

నాయన