మా ఊళ్లో లేని సిగ్నల్‌కి ఏరియల్ అమ్మారు, డబ్బులు వాపస్ ఇవ్వండి

గ్రీవెన్స్ అధికారి గారికి,

నమస్తే. హన్మకొండ నుంచి రాస్తున్నాను. మే 11న మీ వెబ్‌సైట్‌లో కొన్న రూఫ్‌టాప్ టీవీ ఏరియల్ గురించి ఈ ఫిర్యాదు. ఏరియల్‌కి 2,649 రూపాయలు, బిగించినందుకు 600, మొత్తం 3,249. బిల్లు, ఫోటోలు, మీవాళ్లతో చేసిన చాట్ అన్నీ జత చేశాను. కస్టమర్ కేర్‌కి నాలుగుసార్లు చెప్పిన కథే ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వస్తోంది, ఎందుకంటే ఫోన్ ఎత్తిన ప్రతివాళ్లూ "మీ సమస్య ఏమిటో చెప్పండి సార్" అనే మొదలుపెట్టారు.

మా ఇంట్లో టీవీ చూసేది ఎక్కువగా మా బాపు. డెబ్బై ఎనిమిదేళ్లు. ఆజంజాహి మిల్లులో పనిచేసిన మనిషి. ఆయనకి కావాల్సింది దూరదర్శన్ వాళ్ల యాదగిరి ఛానల్, వార్తలు, మధ్యాహ్నం పూట ఏదో ఒక పాత సినిమా, అంతే. కేబుల్ ఉండేది కానీ మా గల్లీలో కోతులు ఆ వైరు పట్టుకుని ఊగుతాయి. పద్మాక్షి గుట్ట చుట్టుపక్కల ఉండేవాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. వారానికోసారి వైరు తెగుద్ది, కేబుల్ అబ్బాయి మూడు రోజులకి వస్తాడు, బిల్లు మాత్రం ఒకటో తారీఖుకే వస్తుంది.

డాబా మీద ఎప్పటిదో అల్యూమినియం ఏరియల్ ఒకటి జీఐ పైపుకి అట్లాగే నిలబడి ఉండేది. సగం పుల్లలు కోతులే వంచాయి. మే మొదటి వారంలో వచ్చిన గాలిదుమారానికి ఆ పైపు కూడా వంగి వాటర్ ట్యాంకు మీద పడింది. "గా ఏరియల్ ఖరాబైనందుకే బొమ్మ వస్తలేదు. కొత్తది పెట్టిస్తే మునుపటి లెక్కనే వస్తది కదరా" అన్నాడు బాపు. నాకూ నిజమే అనిపించింది. ఏరియల్ పాతబడి, వైరు కుళ్లిపోయి సిగ్నల్ పోయిందనే ఇన్నేళ్లూ అనుకుంటున్నాం మేమిద్దరం. అసలు గాలిలో సిగ్నలే ఆగిపోయిందన్న సోయి మాకు లేదు. మా తప్పు ఏదైనా ఉంటే అదొక్కటే, ఒప్పుకుంటున్నా. కానీ ఏరియళ్లు అమ్ముకుని బతికే కంపెనీకి కూడా ఆ సోయి లేకపోతే ఎట్లా?

మీ ప్రకటనలో ఏముందో ఒకసారి చూసుకోండి. "డిజిటల్ హెచ్‌డీ ఏరియల్, నెలవారీ ఖర్చు లేకుండా 100కు పైగా ఛానళ్లు, ఇండియాలో ఎక్కడైనా." అయినా నేను గుడ్డిగా కొనలేదు. కొనేముందు చాట్‌లో స్పష్టంగా అడిగాను, వరంగల్‌లో పనిచేస్తుందా అని. "ఎస్ సార్, ఆల్ ఇండియా" అని ఒక నవ్వు బొమ్మ పెట్టి మరీ జవాబిచ్చారు. ఆ స్క్రీన్‌షాట్ కూడా జత చేశాను. పిన్‌కోడ్ అడిగారు, అదీ డెలివరీ ఎప్పుడొస్తుందో చెప్పడానికి మాత్రమే.

ఇక బిగించిన రోజు సంగతి. మే 17న మీ టెక్నీషియన్ వచ్చేసరికి నేను కాజీపేటలో డ్యూటీలో ఉన్నాను, ఇంట్లో బాపు ఒక్కడే. గంటన్నర సేపు డాబా మీద అటు తిప్పాడట, ఇటు తిప్పాడట, పైనుంచి "వచ్చిందా పెద్దాయనా" అని అరవడం, కింద నుంచి బాపు "రాలే, ఇంకింత తిప్పు" అనడం. టీవీలో ఆటో స్కాన్ నూరు శాతం దాకా పోయి సున్నా ఛానళ్లు అని చూపించిందని బాపుకి బాగా గుర్తుంది, ఎందుకంటే మూడుసార్లూ సున్నానే వచ్చింది. తర్వాత మీవాడు కిందికి దిగి, తన ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, మా స్మార్ట్ టీవీని దానికి కలిపి, యూట్యూబ్‌లో ఒక న్యూస్ ఛానల్ లైవ్ పెట్టి "వచ్చింది చూడండి" అన్నాడు. బొమ్మ కనపడింది కాబట్టి బాపు కూడా వచ్చిందనే అన్నాడు. ఆయన ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెప్పించుకుని, 600 తీసుకుని, ఇన్‌స్టాలేషన్ పూర్తయిందని నొక్కేసి వెళ్లిపోయాడు. అతని బండి గల్లీ మలుపు తిరిగిందో లేదో బొమ్మ గిర్రున తిరుగుతూ ఆగిపోయింది. బాపు సాయంత్రం దాకా ఆ తిరిగే గుండ్రాన్ని చూస్తూ కూర్చున్నాడు, నేను వచ్చాక "సిగ్నల్ జర వీక్ ఉన్నట్టుంది" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని అట్లా మోసం చేయడానికి ఆ పిల్లవాడికి నోరెట్లా వచ్చిందో గానీ, ఒక్కో ఓటీపీకి ఇంత అని మీరు పెట్టే లెక్కలే వాళ్లతో ఈ పని చేయిస్తాయేమో అని కూడా అనుమానంగా ఉంది.

మర్నాటి నుంచి మీ కస్టమర్ కేర్. మొదటావిడ ఏరియల్ దిశ మార్చమంది. ఏ దిశకి అంటే "సిగ్నల్ వచ్చే దిశకి సార్" అంది. రెండో ఆయన సిగ్నల్ బలహీనంగా ఉంది, 799కి మా బూస్టర్ కొనుక్కోండి అన్నాడు. మూడో ఆయన టీవీలోనే లోపం ఉంది, టీవీ కంపెనీకి ఫోన్ చేయండి అన్నాడు. నాలుగోసారి చేస్తే ఓటీపీ ఇచ్చారు కాబట్టి ఇన్‌స్టాలేషన్ ఒప్పుకున్నట్టే, పైగా ఏడు రోజుల రిటర్న్ గడువు అయిపోయింది అన్నారు. ఆ ఏడు రోజులూ నేను మీతో ఫోన్‌లోనే ఉన్నాను కదా.

చివరికి అసలు విషయం చెప్పింది హన్మకొండ చౌరస్తాలో డిష్‌లు బిగించే ఒక తమ్ముడు. మీ ఏరియల్ ఫోటో చూపిస్తే ఫోన్ నా చేతిలోనే పెట్టి, "అన్నా, గాలిల ఏం లేకుంటే గిది ఏం పట్టాలె?" అన్నాడు. ఇంటికొచ్చి నేనూ కూర్చుని చదివాను. దేశంలో ఓ 50 ముఖ్యమైన చోట్ల తప్ప మిగతా పాత అనలాగ్ ట్రాన్స్‌మీటర్లన్నీ 2022 మార్చి 31కల్లా మూసేస్తామని దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతి 2021లోనే చెప్పింది. వాటి బదులు ఏరియల్‌తో పట్టుకునే డిజిటల్ ప్రసారం, అదే డీవీబీ-టీ2, 2016లో 16 నగరాల్లో మొదలుపెట్టినప్పుడు ఆ జాబితాలో వరంగల్ లేదు. ఆ నగరాల్లో కూడా వచ్చేవి దూరదర్శన్ ఛానళ్లు కొన్నే, వంద కాదు. మన దేశంలో నేల మీది టవర్ నుంచి టీవీ ప్రసారం చేసేది దూరదర్శన్ ఒక్కటే, ప్రైవేటు ఛానళ్లు శాటిలైట్ మీద నుంచో కేబుల్‌లోనో నెట్‌లోనో రావాలి తప్ప ఏరియల్‌కి చిక్కవు. మరి మీ వంద ఛానళ్లు ఎక్కడి నుంచి దిగుతాయి?

"డిజిటల్ ఏరియల్" అనే మాట కూడా వట్టిదే. ఏరియల్ అంటే కొన్ని లోహపు పుల్లలు. ఏ తరంగాలు పడతాయనేది వాటి పొడవును బట్టి ఉంటుంది. అందులో వచ్చేది అనలాగా డిజిటలా అన్నది దానికి పట్టదు, అది చూసుకోవాల్సింది టీవీలోని ట్యూనర్. మా పాతదాని పుల్లలు మూర దాటి ఉంటే మీదానివి జానెడున్నాయి, చివర్లకి ఎర్ర ప్లాస్టిక్ టోపీలు పెట్టారు, మధ్యలో హెచ్‌డీ అని స్టిక్కర్ అంటించారు. ఆ స్టిక్కర్ రెండు వానలకే ఊడిపోయింది. ఇక బూస్టర్ సంగతి చెప్పక్కర్లేదు, అది ఉన్న సిగ్నల్‌ని పెంచుతుంది, లేనిదాన్ని ఎట్లా పెంచుతుంది?

ఇంతటితో అయిపోతే 3,249తో సరిపెట్టుకునేవాణ్నేమో. కానీ మీవాడు పైపు నిలబెట్టడానికి పిట్టగోడ వదిలేసి, పాత క్లాంపులు ఇంకా గట్టిగానే ఉన్నా వాటి జోలికి పోకుండా, సరాసరి స్లాబులోకే డ్రిల్లింగ్ చేశాడు. నాలుగు రంధ్రాలు, నాలుగు బోల్టులు, సీలు వేయలేదు. జూన్‌లో మొదటి పెద్ద వానకే పడకగదిలో ఫ్యాను పక్కన తడి మరక లేచింది. వైరు కూడా అంతే. ఇంట్లోకి వచ్చే చోట కిందికి కొంచెం వంపు వదిలితే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, ఇది డాబా ఎక్కే ఎవరికైనా తెలిసిన పని. మీవాడు కిటికీలోంచి బిగుతుగా లాగి పెట్టాడు. వాన నీళ్లు వైరు వెంబడి నడుచుకుంటూ వచ్చి టీవీ వెనకాల చుక్కలు చుక్కలుగా పడ్డాయి. కనెక్టర్ విప్పి చూస్తే పైన ఉండాల్సిన రాగి వెంట్రుకల్లో ఒకటి లోపలి తీగకి తగులుతూ ఉంది. అంటే ఒకవేళ సిగ్నల్ ఉన్నా టీవీ దాకా సరిగ్గా చేరేది కాదు. టీవీ కాలిపోకపోవడం మా అదృష్టం. మేస్త్రిని పిలిచి రంధ్రాలు పూడ్పించి పైన వాటర్‌ప్రూఫ్ పూత వేయిస్తే 900 అయింది, ఆ రసీదు కూడా పెట్టాను.

ఇప్పుడు మా ఇంట్లో టీవీ వస్తోంది, మీ పుణ్యం మాత్రం కాదు. ఆ చౌరస్తా తమ్ముడే డీడీ ఫ్రీ డిష్, అంటే దూరదర్శన్ వాళ్ల ఉచిత శాటిలైట్ టీవీ, పెట్టాడు. చిన్న డిష్, దాని ముందు సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బీ, బాక్సు, పాత క్లాంపులకే బిగింపు, అన్నీ కలిపి 1,700. నెల బిల్లు లేదు. ఆ ఛానళ్లు పంపే జీశాట్-15 శాటిలైట్ 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుందట, మా దగ్గర నుంచి చూస్తే ఆగ్నేయం వైపు, 63 డిగ్రీల ఎత్తులో. "ఆగ్నేయమంటే వంట మూల, మంచిదే" అన్నాడు బాపు. అంత ఎత్తుకి చూడాలంటే డిష్ ఇంకా వెల్లకిలా పడుకోవాలి కదా, ఇది చాలా నిలువుగా ఉందే అని నేను అడిగితే, ఇది ఆఫ్‌సెట్ డిష్, చూపు దాని ముఖం కన్నా పైకి ఉంటుంది అని చెప్పి, ఫోన్‌లో దిక్సూచి చూసుకుంటూ వేలెడంత జరిపి సిగ్నల్ మీటరు చూపించాడు. నలభై నిమిషాల పని. పెద్ద వాన పడితే కాసేపు బొమ్మ పోతుంది అని ముందే చెప్పాడు, అట్లాగే పోతోంది, వాన తగ్గగానే వస్తోంది. ముందే చెప్పినందుకే మాకు కోపం రావట్లేదు. యాదగిరి వస్తోంది, బాపు ఖుషీ.

నాకు కావాల్సింది ఇది. ఏరియల్ డబ్బు, బిగింపు డబ్బు 3,249, స్లాబు రిపేరుకి 900, మొత్తం 4,149 నా ఖాతాకి పంపండి. నేను మళ్లీ కొనుక్కునే కూపన్లు వద్దు, వాలెట్ పాయింట్లు అసలే వద్దు. మీ ప్రకటనలోంచి "ఇండియాలో ఎక్కడైనా", "100కు పైగా ఛానళ్లు" అన్న మాటలు తీసేయండి. పిన్‌కోడ్ కొట్టగానే ఆ ఊళ్లో ఏరియల్ ప్రసారం ఉందో లేదో చూపించండి, లేకపోతే ఆర్డరే తీసుకోకండి. డెలివరీ తేదీ చెప్పడానికి పనికొచ్చిన పిన్‌కోడ్ దీనికి పనికిరాదా? ఆ టెక్నీషియన్ పిల్లవాడి ఉద్యోగం తీసేయమని నేను అడగట్లేదు, ఛానళ్లు నిజంగా వచ్చినట్టు చూశాకే ఓటీపీ అడిగేలా మీ పద్ధతి మార్చుకోండి చాలు.

2020 ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో నాకు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు కొనుగోలు మీద వేసే కేసుకి ఫీజు కూడా లేదు. మీ హెడ్డాఫీసు ఎక్కడుందో వెతుక్కుంటూ రావాల్సిన పని నాకు లేదు, మీరే ఇక్కడికి రావాల్సి ఉంటుంది.

మీ ఏరియల్ విప్పి, బోల్టులతో సహా మళ్లీ అదే డబ్బాలో పెట్టి మెట్ల కింద ఉంచాను. తీసుకెళ్లడానికి మనిషిని పంపేటప్పుడు ముందురోజు నాకు ఫోన్ చేయండి, నేను ఇంట్లో ఉంటాను. బాపు ఒక్కడే ఉన్నప్పుడు మాత్రం పంపకండి, ఆయన ఇక ఎవరికీ ఓటీపీ చెప్పనని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాడు.

ఇట్లు
మీ కస్టమర్
హన్మకొండ