నాన్న వేసిన వైరు జాయింటు కాలలేదని చూపించిన పెద్దాయనకు

నిప్పంటుకుని కాలిపోయిన మా పాత వ్యాను బాగుపడి, నిన్న రాత్రి ఎనిమిదిన్నరకి మా సందులోకి వచ్చింది. నా గోళ్లలో రెడ్ ఆక్సైడ్ రంగు ఇంకా వదల్లేదు, నాలుగు నెలలుగా సరిగ్గా నిద్ర లేదు. అయినా ఇవాళే రాయాలని కూర్చున్నాను. రెండు రోజులాగితే మనసు కుదుటపడుతుంది, మర్యాదకి రాసే మాటలొస్తాయి. ఆ బండిని మళ్లీ లేపిన మనుషులకి అలాంటి మాటలు చాలవు.

తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్తాను. మాది 1988 మోడల్ మెటాడోర్ వ్యాను. ఇప్పుడు ఫోర్స్ మోటార్స్ అంటున్నారే, అప్పట్లో ఆ కంపెనీ పేరు బజాజ్ టెంపో, వాళ్ల బండి. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. 1997లో ఒక టెంట్ హౌస్ వాళ్లు అమ్మేస్తుంటే 62 వేలకి కొన్నారు. వెనక సీట్లు పీకేసి, రెండు వేసవి సెలవులు కూర్చుని మడత మంచం, దాని కింద సామాన్ల పెట్టెలు, పొయ్యి బల్ల, నీళ్ల డబ్బాకి కుళాయి, కిటికీలకి దోమల జాలీ అన్నీ తన చేత్తో చేశారు. క్యాంపర్ వ్యాన్ అనే మాట మేం అప్పటికి వినలేదు. 'ఇల్లుబండి' అనేవాళ్లం. సూర్యలంక, అరకు, అహోబిలం, హంపి అన్నీ అందులోనే చూశాం. లాడ్జికి డబ్బు పెట్టే స్తోమత మాకు ఎప్పుడూ లేదు. ఆ బండి లేకపోతే నేను పెళ్లయ్యే దాకా జిల్లా దాటేదాన్ని కాదు.

కార్తీక మాసంలో ద్వారకా తిరుమల వెళ్లి వస్తూ హనుమాన్ జంక్షన్ దగ్గర టీకి ఆపాం. గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో, డ్రైవర్ సీటు వెనక నుంచి సన్నగా పొగ. తలుపు తీసేసరికి మంట. లోపలంతా ప్లైవుడ్డు, స్పాంజి, రెగ్జిను కదా, పది నిమిషాల్లో పైకప్పు దాకా అంటుకుంది. ఆ రోజు వంట పెట్టుకోలేదు కాబట్టి అయిదు కిలోల సిలిండరు ఇంట్లోనే వదిలేశాం. అది గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఎవరికీ ఏమీ కాలేదు. ముందున్న ఇంజను కూడా దక్కింది. నాన్న చేసిన ఇల్లు మాత్రం పోయింది.

నాన్నకి 79 ఏళ్లు. బండి కాలినందుకు ఆయన ఏడవలేదు. "ఫ్యాను లైనుకి జాయింటు నేనే వేశాను" అన్నారు. ఆ రాత్రి అన్నారు, మర్నాడు అన్నారు, వారం తర్వాతా అదే మాట. 2003లో వెనక చిన్న ఫ్యాను పెట్టినప్పుడు వేసిన జాయింటు అది. మనవలు కూర్చున్న బండికి తన చేత్తో నిప్పు పెట్టానని మనసులో పడిపోయింది. అన్నం రెండు ముద్దలు తిని లేచిపోయేవారు. రాత్రి నేను మంచినీళ్లకి లేస్తే, వరండాలో లైటేసుకుని పాత క్యాలెండర్ కాగితాల వెనక వైరింగ్ బొమ్మ గీస్తూ కనిపించేవారు. గీసిందే గీయడం.

బండిని బాగు చేయిద్దామని నేను పట్టుబట్టింది ఆ బొమ్మలు చూశాకే. బెజవాడ ఆటోనగర్లో మొదటి రెండు షెడ్లలో "తుక్కు కాటాకి వేసెయ్యండమ్మా, 38 వేలొస్తాయి" అన్నారు. మూడో షెడ్డులో రేకు పని చేసే టింకర్ ఆయన పైకప్పు కింద నిలబడి, అరచేత్తో రేకు తడిమి, "చేద్దాం. కానీ ఇవాళే మొదలెట్టాలి, కాలిన రేకు మీద నీళ్లు పడ్డాయి, తుప్పు ఆగదు" అన్నారు. వైరింగు మాత్రం తన వల్ల కాదని, నాలుగు వీధుల అవతల ఒక పెద్దాయన ఉన్నాడని, మెటాడోర్ వైరింగు ఆయనకి కంఠతా అని చెప్పారు.

ఆ పెద్దాయన గురించే ఈ పోస్టంతా.

డెబ్బై దాటి ఉంటాయి. కుడి చేతి బొటనవేలు కొస లేదు. మొదటి రోజు వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగారు, అంతే. ఎంతవుతుంది బాబాయ్ గారూ అని అడిగితే, "ముందు ఎలా అంటుకుందో చెప్పమ్మా" అన్నారు. నేను జరిగింది చెప్తూ, నాన్న సంగతి కూడా చెప్పేశాను. చెప్పాలనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది. ఆయన కాసేపు ఏమీ మాట్లాడకుండా, "మాస్టారిని తీసుకురా. ఆ బొమ్మలు కూడా పట్రమ్మను" అన్నారు.

మర్నాడు నాన్నని తీసుకెళ్లాం. షెడ్డులో ఒక కుర్చీ తుడిచి నాన్నని కూర్చోబెట్టి, ఆయన బండిలో మసి మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పక్కన ఒక స్టీలు పళ్లెం, ఒక పెయింటు బ్రష్షు, టార్చిలైటు. బ్రష్షుతో మసి కొంచెం కొంచెంగా తోస్తూ, దొరికిన ప్రతి వైరు ముక్కా పళ్లెంలో వరసగా పెట్టి, "ఇది ఎక్కడికి పోయేది మాస్టారూ?" అని అడిగేవారు. నాన్న తన బొమ్మ చూసి చెప్పేవారు. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెడితే చీకటి పడింది. ఆ రోజు ఆయన షాపు మూసేసి ఉందని నాకు తర్వాత తెలిసింది.

ముందు నాన్న జాయింటు దొరికింది. బ్యాటరీ పెట్టె రేకు వెనక ఉండబట్టి మంట అక్కడిదాకా రాలేదు. టేపుకి పొగ పట్టింది, అంతే. ఆయన బ్లేడుతో టేపుని నిలువుగా చీల్చి టార్చి కొట్టారు. లోపల నాన్న పెట్టిన సీసం ఇంకా తళతళలాడుతోంది. ఒక్క పోగు కూడా ఊడలేదు. దాన్ని నాన్న అరచేతిలో పెట్టి మళ్లీ మసిలోకి వంగారు.

ఇంకో అరగంటకి అసలుది దొరికింది. డ్రైవర్ సీటు వెనక రేకుకి ఒక కన్నం ఉంది. టెంట్ హౌస్ వాళ్లు మైకు సెట్టు కోసం ఎప్పుడో లాగించిన లావుపాటి వైరు ఆ కన్నంలోంచే వెనక్కి పోతుంది. మేం కొన్నప్పటి నుంచీ అలాగే ఉంది. కన్నం అంచుకి రబ్బరు బుష్ ఉండాలట. అది ఎండిపోయి ఎప్పుడో రాలిపోయింది. బండి ఊగినప్పుడల్లా రేకు అంచు వైరుని కోస్తూ వచ్చి, ఆ రోజు రాగి రేకుకి తగిలింది. ఎలా తెలిసిందంటే, ఆ వైరు కొసన రాగి కరిగి గుండ్రంగా, ఆవగింజ కంటే కొంచెం పెద్ద పూసలా గడ్డకట్టింది. షార్టయిన చోట అలా పూస కడుతుంది, బయటి మంటకి కాలిన చోట రాగి అలా ఉండదు అని నాన్నకి రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూపించారు. నాన్న జాయింటుకీ ఆ పూసకీ మధ్య నాలుగడుగుల దూరం.

"మాస్టారూ, మీ జాయింటు కాదు. చూశారుగా. కాకపోతే ఆ మైకు వైరుకి ఒక ఫ్యూజు పెట్టించాల్సింది. పెట్టి ఉంటే ఫ్యూజు పోయేది, బండి ఉండేది" అన్నారు.

ఆ రెండో మాట అనకుండా ఉండొచ్చు. కానీ అది కూడా చెప్పారు కాబట్టే మా నాన్న మొదటి మాట నమ్మారు. ఓదార్చడానికి అంటున్న మాట కాదని ఆయనకి తెలిసిపోయింది. జాయింటు ముక్కని జేబు రుమాల్లో చుట్టి లోపలి జేబులో పెట్టుకున్నారు. దారిలో ఇడ్లీ కావాలని అడిగారు. నాలుగు తిన్నారు. నేను టిఫిన్ సెంటర్ వెనక్కి వెళ్లి, చెయ్యి కడుక్కుంటున్నట్టు నిలబడి బాగా ఏడ్చాను. ఆ పెద్దాయన మాకేమీ కాడు. మా ఊరు కాదు, మా బంధువు కాదు, నాన్న దగ్గర చదువుకోలేదు. ఎవరో ముసలాయన రాత్రి నిద్రపోవడం లేదని విని, షాపు మూసుకుని, మసిలో నాలుగు గంటలు కూర్చున్నాడు.

ఆ తర్వాత పదకొండు రోజులు వైరింగు చేశారు. ప్రతి లైనుకీ విడిగా ఫ్యూజు, ప్రతి కన్నానికీ కొత్త రబ్బరు, బ్యాటరీ దగ్గర మొత్తం కరెంటు ఆపేసే కటాఫ్ స్విచ్చి, డ్రైవర్ చేతికందేట్టు మంటలార్పే రెండు కిలోల పౌడర్ సిలిండరు. పాత బండ్లున్న వాళ్లు దయచేసి ఒకసారి మీ రేకు కన్నాల్లో వేలు పెట్టి చూసుకోండి, రబ్బరు ఉందో లేదో. సామానుకి 9,400 అయింది. కూలి ఎంత అంటే రెండు వేలు ఇమ్మన్నారు. పదకొండు రోజులకి. నేను ఒప్పుకోకపోతే, "అసలు తీసుకోకపోతే రేపు ఏదన్నా ఇబ్బందొస్తే పిలవడానికి మొహమాటపడతావమ్మా, అందుకని తీసుకుంటున్నా" అన్నారు. దానికి నేనేం చెప్పగలను?

బాబాయ్ గారూ, మీ దగ్గర స్మార్ట్‌ఫోన్ లేదని తెలుసు. మీ దగ్గర పని నేర్చుకునే అబ్బాయి ఇది చదివి వినిపిస్తానన్నాడు. మీకు వంద దండాలు. నాన్న ఇప్పుడు రాత్రిళ్లు నిద్రపోతున్నారు.

టింకర్ గారి చేతికి కూడా దండం. పైకప్పు రేకు వేడికి సాగి బొప్పి కట్టినట్టు లేచింది. కొత్త రేకు వేయడానికి మా దగ్గర డబ్బుల్లేవు. ఆయన గ్యాసుతో అణా బిళ్లంత చోటు ఎర్రగా కాల్చి, సుత్తితో మెల్లిగా తట్టి, వెంటనే తడిగుడ్డ అద్దేవారు. సుయ్‌మని ఆవిరి లేచి రేకు ముడుచుకునేది. అలా ఒక్కో చుక్కా చేసుకుంటూ ఆరు రోజుల్లో కప్పుని దారికి తెచ్చారు. లప్పం తక్కువ పెట్టి రేకుని చక్కగా తీయడం ఆయన పట్టుదల. ముందద్దం పాత సామాన్ల కొట్టులో వేరే మెటాడోర్‌ది దొరికింది. కర్ర మా పక్క వీధిలో పడగొట్టిన పెంకుటింటి టేకు. అంతా కలిపి లక్షా డెబ్బై వేల లోపు అయింది. ఇందులో 40 వేలు నాన్న పాత విద్యార్థులు పోగేసి పంపినవి.

మా ఆయన, తమ్ముడు, అమ్మ సంగతి ప్రత్యేకంగా రాయక్కర్లేదు. ఆదివారాలన్నీ వాళ్లే ఉప్పుకాగితం పట్టుకుని రుద్దారు.

కానీ ఒక్క విషయం రాయకుండా ఉండలేను. ఇంత మంది చెయ్యి వేస్తే లేచిన బండిని, కాగితాల దగ్గర మళ్లీ పడగొట్టినంత పని చేశారు. పాత బండికి ఫుల్ ఇన్సూరెన్స్ రాదని ఏటా థర్డ్ పార్టీ కట్టించుకున్నారు. నిప్పంటుకుంటే మన బండికి అందులో పైసా రాదని కట్టించుకున్నప్పుడు ఎవరూ నోరు విప్పలేదు. ఆర్సీ బండిలోనే కాలిపోయింది. డూప్లికేట్ కోసం ఫారం 26, పోలీసు స్టేషన్ కాగితం పట్టుకుని ఆర్టీఓ ఆఫీసుకి వెళ్తే, ఛాసిస్ నంబరు కనపడట్లేదు పొమ్మన్నారు. ఆరుసార్లు తిరిగాను. గేటు బయట ఒకతను మాత్రం ఎనిమిది వేలిస్తే సాయంత్రానికి కనపడుతుంది అన్నాడు. ఇవ్వలేదు. ఆ నంబరుని కిరసనాయిలు, సన్న ఉప్పుకాగితంతో ఓపిగ్గా తేల్చి, కాగితం పెట్టి పెన్సిలు రుద్ది అచ్చు తీసిచ్చింది కూడా మళ్లీ ఆ వైరింగు బాబాయ్ గారే. ఇక ఇరవై ఏళ్లు దాటిన కారు, వ్యాను రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టులో పదివేలు చేశారు. 2022కి ముందు అది ఆరు వందలు. పాత బండి ఉన్న ప్రతివాడూ పొగ వదిలే లారీల యజమాని కాదు. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగని బండిని, ఫిట్‌నెస్‌కి సరిపోయేట్టు బాగు చేసుకుని తెచ్చినా, ఎందుకమ్మా తుక్కుకి ఇచ్చెయ్ అని కౌంటర్లో కూర్చుని చెప్పడం ఎంత బాధగా ఉంటుందో వాళ్లకి తెలియదు.

సరే, అది వదిలేస్తాను. ఏడుపొస్తోంది.

మరిచిపోయాను, హైవే మీద మా వెనక ఆగిన లారీ డ్రైవర్ గారు. ఏలూరు వైపు నుంచి వస్తున్నారు, పేరు కూడా అడగలేదు. తన లారీలోని మంటలార్పే సిలిండరు మొత్తం కొట్టేసి, అయిపోయాక పారతో రోడ్డు పక్క మట్టి పోశారు. ఇంజను దక్కిందంటే ఆయన వల్లే. ఇది ముందే రాయాల్సింది, క్షమించండి.

ఫైరింజన్ సిబ్బందికి. పిల్లల్ని తమ బండిలో కూర్చోబెట్టి బిస్కెట్లిచ్చారు.

సీటు కవర్లు కుట్టిన అక్కకి, రెగ్జిను తక్కువైతే తన దగ్గరున్న ముక్క కలిపేసినందుకు.

ఇంకొకరు. హనుమాన్ జంక్షన్ టీ కొట్టు పక్కన పకోడీల బండి అమ్మగారు. మంట చూడగానే తన నీళ్ల బిందె ఎత్తి మా తమ్ముడి చేతిలో పెట్టారు. ఆ గొడవలో బిందె మా సామానుతోపాటు వచ్చేసింది. నాలుగు నెలలుగా మా వరండాలోనే ఉంది, పొట్టకి ఒక పక్క సొట్ట పడింది. అమ్మా, ఆదివారం పొద్దున్నే ఆ బండిలోనే వస్తున్నాం, తెచ్చి ఇస్తాం.